ఒక్క గుక్క

దమ్ముంటే నమ్మండ్రా, ఇది మా ముత్తాత కథే, చెప్పాలంటే నాకే సిగ్గయితుంది. రాజుల కాలంల కల్లు అమ్మేటోళ్ళ దగ్గర లైసెన్సు రుసుం వసూలు చేసే కొలువు ఆయనది. జన్మల కల్లు ముట్టనోనికే ఆ కొలువు ఇస్తరు. ముత్తాత దీపం మీద ఒట్టు కూడా పెట్టిండు.

ఓసారి రుసుం మూడింతలు పెంచి, కట్టలేదని కల్లు అమ్మే ఈదమ్మ కుండలన్నీ పగలగొట్టమన్నడు. ఆమె బతుకే ఆ కుండలు.

"ఆగు దొరా! ఇది కల్లు కాదు, పొద్దుగాల దించిన, ఇంకా పులవని నీరా. నీరాకు రుసుం లేదు గదా. నువ్వే రుచి చూసి చెప్పు" అన్నది ఈదమ్మ.

ఊరంతా చూస్తుండగా ముత్తాత ఒక్క గుక్క తాగి, "ఎవరికి చెప్తున్నవే! ఇది పోతుతాటి కల్లు, అది కూడా నిన్న మాపటిది!" అని అరిచిండు.

ఈదమ్మ చేతులు జోడించింది. "నా మొగడు ఇరవై ఏండ్ల సంది చెట్టెక్కుతున్నా ఒక్క గుక్కకే అంత చెప్పలేడు. జన్మల ముట్టనోనివి, నీకెట్ల తెలిసింది దొరా?"

ముత్తాత తల దించుకొని "నీరానే... నీరానే" అని గొణిగిండు. గుంపుల నుంచి మా ముత్తవ్వ, "నువ్వు ఇంటికి రా, చెప్త" అన్నది. ఇంటికి పోయినంక ఏమైందంటే... అరే, బాపు పిలుస్తుండు, పోతున్నా.