రాజుగారి కడుపులో ద్రాక్షతీగ

రండి రండి, ఇలా వచ్చి పడుకోండి. ఒరే వినయ్, చెల్లెలి మీదనుంచి కాలు తియ్యరా. ఏమే హారికా, అన్నం తిన్నప్పుడూ నీళ్ళు తాగలేదు, ఇప్పుడిస్తే ఇప్పుడూ వద్దంటున్నావు, ఏమైందే? చెప్పవా? సరేలే, చెప్పకు. నోరు బిగించుకున్నా చెవులు తెరిచే ఉంటాయిగా. కథ చెబుతా. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే కథ మధ్యలో కూలబడుతుంది, దాన్ని లేపడం నా వల్ల కాదు.

అనగా అనగా, మీ తాతయ్య తాతకి కూడా తెలియనంత పాతకాలంలో, అరచెయ్యంత రాజ్యం ఒకటుండేది. దానికో రాజు. మూరెడు పేరుండేదిట, నాకు గుర్తు లేదు. జనం మాత్రం చిన్నదొర అనేవాళ్ళు. మంచివాడే పాపం. యుద్ధమంటే భయం లేదు, పులంటే భయం లేదు, గింజంటే మాత్రం చచ్చేంత భయం. చిన్నప్పుడు పెంచిన దాది చెప్పిందిట, గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తుందని. పిల్లాడు జాగ్రత్తగా తింటాడని ఆవిడేదో అనేసింది. పిల్లాడికి మీసాలొచ్చాయి, కిరీటమొచ్చింది, ఆ భయం మాత్రం పోలేదు.

ఆ రాజ్యంలో నల్లద్రాక్ష బాగా పండేది. చిన్నదొర ఒక పండు తినాలంటే ఇద్దరు మనుషులు ఉండాలి, తొక్క ఒలవడానికొకడు, గింజ తియ్యడానికొకడు. మరి అందులో మిగిలిందేముంది, నా మొహం! సారమంతా తొక్కతోనూ గింజతోనూ పారేసి, ఉత్త తియ్యటి నీళ్ళు చప్పరించేవాడన్నమాట. ఒకరోజు ఆ ఇద్దరూ భోజనానికి పోయారు. దొర ఆగలేక ఒక పండు నోట్లో వేసుకున్నాడు. వేసుకోగానే ఎక్కిళ్ళు. గుటుక్! తొక్కతో, గింజతో సహా లోపలికి.

ఊ కొడుతున్నారా? ఆఁ.

మర్నాడు దొరకి కడుపు రాయిలా అయిపోయింది. ముందురోజు ముప్పై బొబ్బట్లు తిన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తీగ మొలిచిందన్నాడు దొర. మొలిచింది ప్రభూ అన్నాడు మంత్రి. మొలిచిందంటే మొలిచిందే అన్నాడు వైద్యుడు. కడుపులో గుర్రుమంటే ఆకు అల్లాడుతోందన్నారు. చేతిమీద నరం పచ్చగా కనిపిస్తే అదిగో, తీగ చేతిలోకి పాకిందన్నారు. రాజు ఎంత తెలివిగలవాడో కొలువు కూడా అంతే.

ఇక మొదలైంది వైద్యం. నీళ్ళొద్దు, తీగ తాగుతుంది. ఎండొద్దు, తీగ ఎదుగుతుంది. కూరొద్దు, తీగకి ఎరువవుతుంది. కదలొద్దు, తీగ తెగి ఎక్కడ గుచ్చుకుంటుందో! పాపం చిన్నదొర చీకటిగదిలో, నోరెండిపోయి, గోడకి జారబడి కూచున్నాడు. చెంబు పట్టుకుని వెళ్ళడం, చెంబు పట్టుకుని తిరిగి రావడం. వెళ్ళిన పని మాత్రం కాదు. నవ్వకురా వినయ్, కూరగాయలు ఏరి పక్కన పెడతావే, నీకూ అదే గతి.

పదిరోజులకి దొర మొహం పాలిపోయింది. కోపం ముక్కుమీదకొచ్చింది. రాజ్యంలో ఉన్న నల్లద్రాక్ష తీగలన్నీ మూడురోజుల్లో నరికెయ్యండి, బయట తల్లితీగలు చస్తే లోపల పిల్లతీగ కూడా చస్తుంది అని చాటింపు వేయించాడు.

కోట ఉన్న ఊళ్ళోనే పేరమ్మని ఒక ముసలావిడ. కొత్తకోడలుగా వచ్చిన ఏడు ఆవిడ నాటిన తీగ, పెరడంతా పందిరేసుకుంది. ఆ పందిరిమీదే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. చాటింపు వినగానే పేరమ్మ పందిరిగుంజ పట్టుకుని కూలబడి ఏడ్చింది. కోడలు కోనమ్మ ఏడవలేదు. కొంగు దోపి, ఎండుద్రాక్ష ఉన్న జాడీ చంకనేసుకుని కోటకి నడిచింది.

వెళ్ళి ఏమందనుకున్నారు? తీగ లేదూ గీగ లేదూ అనలేదు. అంటే గెంటేస్తారుగా! తీగల సంగతి మాకే తెలుసు దొరా, నేను పంపించేస్తాను అంది. మూడురోజుల్లో పంపించకపోతే నీ పందిరి నీ చేత్తోనే నరకాలన్నాడు దొర. కోనమ్మ వెనక్కి తగ్గలేదు. సరేనంది.

ముందు, నీళ్ళు తాగమంది. తీగ తాగదా అన్నాడు. పాదులో నీళ్ళు నిలవుంటే వేరు కుళ్ళుతుంది, తాగండి అంది. తాగాడు. లేచి నడవమంది. పందిరి కదలకపోతేనే తీగ పాకుతుంది, పందిరే నడిచిపోతుంటే అది దేన్ని పట్టుకుంటుంది అంది. నడిచాడు. ఆ తరవాత నల్లద్రాక్ష తొక్కతో, గింజతో నమిలి తినమంది. కొలువంతా హాహాకారాలు! ఒక్క పాదులో పాతిక గింజలేస్తే ఒక్కటైనా బతుకుతుందా అని అడిగింది. దొర కళ్ళు మూసుకుని, కులదేవతని తలుచుకుని తిన్నాడు. ముందురోజు నానేసిన నల్ల ఎండుద్రాక్ష, ఆ నీళ్ళతో సహా పరగడుపున పెట్టింది. ఆకుకూర వండి పెట్టింది.

నీళ్ళు తాగు, నడువు, పండు తిను. నీళ్ళు తాగు, నడువు, పండు తిను. ఒకరోజయింది. రెండ్రోజులయింది. ఏమీ కాలేదు. మూడోరోజు పొద్దెక్కింది, అవతల పేరమ్మ పెరట్లో గొడ్డళ్ళు పట్టుకుని భటులు నిలబడ్డారు. ఇవతల కోట చుట్టూ నడుస్తున్న దొర టక్కున ఆగాడు. మొహం మారిపోయింది. కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టాడు, చెంబు లాక్కున్నాడు, ఇక పరుగే పరుగు!

ఎంతసేపటికో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. తీగ వెళ్ళిపోయిందా కోనమ్మా అనడిగాడు.

ఇదిగో, ఇక్కడ వినండి. అవునంటే పోయేది. పందిరి దక్కేది, బహుమానమూ దక్కేది. కానీ కోనమ్మ ఆలోచించింది. ఇవాళ అవునంటే, రేపు ఇంకో గింజ మింగుతాడు, మళ్ళీ గొడ్డళ్ళొస్తాయి. భయం వేసినా నిజమే చెప్పింది. తీగే లేదు దొరా, మేం ఎరువేసి దున్నిన నేలలోనే గింజనుంచి పందిరి పెంచలేక కొమ్మ కోసి నాటుతాం, మీ పొట్టలో ఎలా మొలుస్తుంది? మీకు కావలసింది నీళ్ళూ, నడకా, పండూనూ అంది. వచ్చి మా అత్తని చూడండి, యాభై ఏళ్ళుగా రోజూ గుప్పెడు పళ్ళు గింజలతో సహా తింటోంది, మొలిచేదే అయితే ఈపాటికి ఆవిడ నెత్తిమీద పందిరుండాలి అంది.

దొర వెళ్ళి చూశాడు. పేరమ్మ నెత్తిమీద నెరిసిన జుట్టు తప్ప ఏమీ లేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, గుంజలా నిటారుగా నిలబడి, నా పందిరి జోలికొస్తే ఊరుకోనని భటుల మీదకి చీపురెత్తింది. దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్ళ భయం ఆ నవ్వుతో వదిలిపోయింది. గొడ్డళ్ళు వెనక్కెళ్ళాయి. పేరమ్మ కోసిచ్చిన కొమ్మని దొర తన చేత్తో కోటలో నాటుకున్నాడు. అందరూ చల్లగా ఉన్నారు.

అందుకే నల్లద్రాక్ష ఉప్పునీళ్ళలో కడిగి మరీ ఇస్తా మీకు. కడుపుకి మంచిది, మా డాక్టరమ్మ గుండెకీ మంచిదేనంది. అలాగని బుట్టెడు తింటే చెంబుతో పరుగే. గుప్పెడు చాలు, నమిలి తినాలి.

ఏమిటే గొణుగుతున్నావు హారికా? సాయంత్రం గింజ మింగేశావా? చెట్టొస్తుందని అన్నయ్య చెప్పాడా? నీళ్ళు తాగితే పెరుగుతుందన్నాడా! నా బంగారుతల్లీ, అప్పట్నించీ దాహంతో ఉన్నావా? ఒరే వినయ్, నిద్ర నటించకు. లేచి చెల్లెలికి నీళ్ళు తెచ్చిపెట్టు.

కథ కంచికి నడుచుకుంటూ పోతుందిలే, మనం మన పక్కల్లోనే ఉందాం. తాగమ్మా. మెల్లిగా, మెల్లిగా. ఇంకో గ్లాసా? తెస్తాడు, తెస్తాడు.