రెండు లావు బోల్టులు

పని మధ్యలో ప్రశ్న అడిగితే సింహాచలం మేస్త్రి జవాబు చెప్పడు. చేస్తున్న పనినే ఇంకాస్త మెల్లగా చేస్తాడు. చూసేవాడు చూసుకోవాలి. పాడేరు కొండ దిగువన, ఘాటు రోడ్డు మొదలయ్యే చోట ఆయన కార్ల షెడ్డు. పైడిరాజు పదకొండేళ్లుగా ఆయన దగ్గర శిష్యుడు. వచ్చే నెల చోడవరంలో సొంత షెడ్డు తెరవబోతూ ఒక ఉదయం అడిగాడు.

“గురువుగారూ, బ్రేకు పనిలో విప్పిన బోల్టు మళ్లీ వెయ్యొచ్చా, కొత్తదే వెయ్యాలా? మీరేమో ఒక్కోపాలి ఒక్కోలా చేస్తారు. రేపు నా షెడ్డులో నన్నడిగితే ఏటి చెప్పను?”

మేస్త్రి తలెత్తలేదు. ఆయన ముందు, కొండమీది ఊరి నుంచి బాడుగకు తిప్పే బాలన్న కారు జాకీ మీద ఉంది. మర్నాడు తెల్లవారుజామునే బాలన్న తన ఊరి పిల్లలు ఏడుగురిని పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు కొండ దింపాలి. ఏడాది చదివిన చదువు, పొద్దున తొమ్మిది గంటలకు పరీక్ష. అందుకే అతను షెడ్డులో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

ముందు చక్రం బ్రేకు విప్పితే నాలుగు బోల్టులు వచ్చాయి. రెండు సన్నవి, బ్రేకు దవడ అటూ ఇటూ జరగడానికి దారి చూపేవి. రెండు లావువి, బ్రేకు మొత్తాన్ని చక్రం దగ్గర పట్టి ఉంచేవి. పైడిరాజు నాలుగింటినీ కిరసనాయిల్లో కడిగి, తీగ బ్రష్షుతో తళతళలాడేలా తోమాడు.

మేస్త్రి సన్నవాటి మరలు పరీక్షగా చూసి, గ్రీజు రాసి, “ఇవి వెయ్యి” అన్నాడు. లావువి పక్కన పెట్టాడు.

“అవీ మెరుస్తున్నాయి కదండీ!”

“నిన్నటిదాకా ఆ బోల్టులే కదా మేస్త్రీ, నన్ను కొండ దింపాయి!” అన్నాడు బాలన్న.

మేస్త్రి ఒక కొత్త నట్టు తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. పైడిరాజు దాన్ని లావు బోల్టుకు ఎక్కించి వేళ్లతో తిప్పాడు. సగందాకా పరుగెత్తి, టక్కున పట్టేసింది. మట్టి ఉందేమోనని మళ్లీ తోమి తిప్పాడు. మళ్లీ అక్కడే ఆగింది. అక్కడ బోల్టు సాగిపోయి, మరల మధ్య ఎడం పెరిగింది. కంటికి మాత్రం ఏ తేడా లేదు.

రెండో దానిమీద నట్టు చివరిదాకా హాయిగా పోయింది. “హమ్మయ్య, ఒకటి తెస్తే చాలు” అన్నాడు పైడిరాజు.

“ఒకటి ఇక్కడే నోరు విప్పింది. రెండోది రేపు ఘాటులో విప్పితే?” అని మేస్త్రి రెండింటినీ ఇనప తుక్కులో వేశాడు.

ఆ సైజు బోల్టులు అక్కడ దొరకవు. పైడిరాజు అనకాపల్లి బస్సెక్కాడు. తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. బాలన్న అప్పటికి ఊరికి నాలుగుసార్లు ఫోన్ చేసి, వచ్చేస్తున్నానని నాలుగుసార్లూ అబద్ధమాడాడు.

బోల్టులు ఎక్కించి, బిగువు సరిపోగానే టిక్కుమనే రెంచితో పైడిరాజు బిగించాడు. రెండూ టిక్కుమన్నాయి. అయినా మనసు కుదుటపడక మామూలు పానా తెచ్చి, దాని పిడికి మూరెడు ఇనప పైపు తగిలించాడు.

“మరి ఇదెందుకు?” అన్నాడు మేస్త్రి.

“ఏడుగురు పిల్లలండీ. ఇంకో చుట్టు గట్టిగా ఉంటే మంచిదే కదా.”

“పోయినేడూ ఇలాగే బిగించావు, అన్నా. కారు కారంతా ఊగిపోయింది” అన్నాడు బాలన్న మెచ్చుకోలుగా.

పైడిరాజు చేతులు పైపు మీదే ఆగిపోయాయి. అతని చూపు మెల్లగా తుక్కు కుప్పలోని సాగిన బోల్టు వైపు పోయింది.

మేస్త్రి వచ్చి ఆ పైపు లాగేసుకున్నాడు.

“ఇంకా కొండ ఎక్కనైనా లేదురా. అప్పుడే పాతది చేసేస్తావా?”