పిలవని తల్లి గుట్ట

గవ్వలపాలెం దాటి ఉప్పుమడుల గట్టు మీదుగా నడిచే యాత్రికులకు ముందుగా కనిపించేది ఈ గుట్టే. సాయంత్రం దీని నీడ సముద్రం మీద పడితే, నడిసంద్రంలో పడవవాళ్లు చీకటి పడిందనుకొని దీపాలు వెలిగిస్తారని పెద్దల మాట. వాళ్లు తగ్గించి చెప్పారు. పైన శిథిలమైన ఇటుకల స్తూపం, పక్కనే నిలువునా చీలిన బండ, బండ ముందు కాళ్లు మడుచుకొని కూర్చున్న రాతి స్త్రీ. ఆమెకు కిరీటం లేదు, ఆయుధం లేదు. ఒడి ఉంది. ఆమే పిలవని తల్లి.

పూర్వం ఇక్కడ పోలమ్మ అనే స్త్రీ ఉప్పు పండించుకొని బతికేది. ఉప్పు అమ్మడానికి పడవ మీద వెళ్లిన భర్త తిరిగి రాలేదు; పడవ మాత్రం ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఆనాటి నుంచి ఆమె పసికూతురు నీలాలు నోరు విప్పలేదు. “నాన్న వస్తాడు, ఈలోగా నాతో పలకవే తల్లీ” అని పోలమ్మ పొద్దస్తమానం బతిమాలేది. బెల్లం చూపేది, దిష్టి తీసేది. “గోడతో మాట్లాడుకో పోలీ, అదైనా మొహం తిప్పుకోదు” అని ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవారు. ఒకనాడు పోలమ్మ విసిగి పిల్ల మీద చెయ్యి చేసుకుంది. పిల్ల గుట్టెక్కి బండ చాటున దాక్కుంది.

అప్పుడు వెనకే గుట్టెక్కిన పోలమ్మ పిలిచిన పిలుపు సామాన్యమైనది కాదు. ఆ కేకకు సముద్రం ఆమడ దూరం వెనక్కి తగ్గింది, ఎగిరే కొంగలు మడుల్లో రాలాయి, ఈ బండ రెండుగా చీలింది. నమ్మనివారు చీలికలో చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. పిల్ల మాత్రం రాలేదు. ఆ చీలికలోకి దూరి ఇంకా లోపలికి జరిగింది.

గుట్ట మీద, అందరూ వెళ్లిపోయిన బౌద్ధ విహారంలో అప్పటికి ఒక్క ముసలి భిక్షువే మిగిలి ఉన్నాడు. ఎన్నో వానాకాలాలు తన ఊపిరి చప్పుడు తప్ప మరో చప్పుడు వినని మనిషి.

“కూర్చో అమ్మా” అన్నాడు.

“కూర్చుంటే వస్తుందా సామీ?”

“రాకపోవచ్చు.”

“మరెందుకు కూర్చోవడం?”

“వస్తే ఒక ఒడి ఉండాలి కదా.”

పోలమ్మ కూలబడింది. నోరు మూసుకుంది. కొంతసేపటికి భిక్షువు, “లోపల పిలుస్తున్నావు. పిల్లలకు అదీ వినిపిస్తుంది. వచ్చే ఊపిరిని రానీ, పోయేదాన్ని పోనీ” అన్నాడు.

ఆమె అలాగే చేసింది. అప్పుడు తెలిసింది: గొంతులో ఉన్న పేరు కూతురిదే గాని, పిలుస్తున్నది పడవ మీద పోయిన మనిషిని. ఖాళీ ఇంటినంతా పసిదాని గొంతుతో నింపమని అడుగుతూ వచ్చింది. సముద్రం వైపు చూసి చప్పుడు లేకుండా ఏడ్చింది. ఆ కన్నీటికి కింది మడులన్నీ నిండి, ఆ ఏడాది గవ్వలపాలెం ఉప్పు కాశీ దాకా పోయింది.

పొద్దు వాలే వేళ నీలాలు బయటికి వచ్చింది. తల్లికి తగలకుండా, పక్కనే కూర్చుంది.

“నాన్న రాడు కదమ్మా” అంది.

పోలమ్మ నోటిదాకా పాత మాటే వచ్చింది. ఒక ఊపిరి వదిలింది.

“రాడమ్మా.”

అప్పుడు పిల్ల ఒడిలోకి ఎక్కింది. కాలం తీరాక, వాళ్లు కూర్చున్న చోటే తల్లి ఖాళీ ఒడితో రాయిగా వెలసింది.

నేటికీ ఈ గుట్ట ఎక్కే తల్లిదండ్రులు మొదటి మెట్టు దగ్గరే పిల్లల పేరు పిలవడం మానేస్తారు. పసివాళ్లు ఆగిన చోట ఆగి, నడిచినప్పుడు నడుస్తారు. పైకి చేరాక తల్లి పక్కన మౌనంగా కూర్చుంటారు. పిల్లలు వస్తే సరే, రాకపోయినా సరే. ఇలా చేసిన ఇంట పిల్లలు మనసులో దాచుకున్న మాట తామే చెబుతారని నమ్మకం.

అమ్మవారి ఒడిలో పూలు, కొబ్బరికాయలు పెట్టరాదు. అందరూ దిగిపోయాక గాలి ఒక్కటే మిగిలే ఈ గుట్ట మీద, ఆ ఒడిని ఖాళీగానే ఉంచాలి.