కడుపులో గృహప్రవేశం

అనగనగా ఒక ఇల్లు. ఊఁ కొట్టేవారు ఊఁ కొట్టండి. పాలు తోడుకొనేలోగా కథ ముగియాలి.

ఆ ఇంటివారి ఇంటిపేరు వివేకం. ఇంటిపేరులోనే ఉన్నది గదా అని ఆ సరుకును వారు మరెక్కడా వెతుక్కోలేదు. వీధిగోడ మీద "ఇచట ఆలోచనలు చెప్పబడును" అని సున్నంతో రాయించుకొన్నారు. వానాకాలంలో బావి తడిసిపోకుండా దాని మీద తాటాకు పందిరి వేయించినది పెసరపాడు మొత్తంలో వారొక్కరే. ఇంటి యజమాని పేరయ్య. కొడుకు గవర్రాజు. ఈ ఇద్దరి వివేకానికీ అన్నం వండిపెట్టే భారం పేరయ్య భార్య అచ్చాయమ్మది.

పేరయ్య కాలి మీద సెగగడ్డ లేచింది. మందులషాపులో ఇచ్చిన మాత్రలు మింగితే గడ్డ తగ్గింది గానీ కడుపు చెడింది. గోంగూర పచ్చడితో విస్తరి నిండా అన్నం తినే మనిషి గంజిని చూసి కూడా ముఖం తిప్పుకోసాగాడు. పంచె నడుమున నిలవడం లేదు. ఆయన మళ్ళీ కడుపారా తిని బ్రేవుమంటే చాలునని అచ్చాయమ్మ కోరిక. అంతకు మించి దేవుణ్ణి ఆమె ఏమీ అడగలేదు.

పట్నంలో హైమవతి అనే డాక్టరమ్మ కడుపులోని సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్నదని విని ముగ్గురూ వెళ్ళారు. మనుషుల పేగుల్లో కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ కాపురముంటాయని, తిన్నది అరగడానికి అవి సాయపడతాయని ఆమె ఓపికగా వివరించింది. "ఆ మాత్రలు చెడ్డవాటితోపాటు మంచివాటినీ చంపేశాయి, పెద్దాయనా. పోయినవాటి చోట కొత్తవాటిని ప్రవేశపెట్టాలి. రోజూ పెరుగు తినండి, అందులో ఉంటాయి. అయితే ఏ రకం ఎవరికి ఎంత మేలు చేస్తుందో ఇంకా తేలలేదు."

అచ్చాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. ఇన్నేళ్ళు ఆయన కడుపులో కాపురమున్నవాళ్ళు పోతే తనకు కబురైనా అందలేదు.

అంతే. ఇంటికి వస్తూనే పొయ్యి ఆర్పి మైల పట్టింది. గవర్రాజు పురోహితుడి దగ్గరికి పరుగెత్తి దినకర్మలు చేయించాలన్నాడు. పోయినదెవరని ఆయన అడిగితే, నాన్న కడుపులోవాళ్ళన్నాడు. ఎంతమంది అంటే కోట్లలో ఉంటారన్నాడు. గోత్రం అడిగితే, నాన్న కడుపులో ఉన్నారు గనుక నాన్న గోత్రమే అయి ఉండాలని తర్కించి చెప్పాడు. పురోహితుడు పంచాంగం మూసి, అంతమందికి పిండాలంటే జిల్లా బియ్యం చాలవని చెప్పి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకొన్నాడు.

ఇక్కడ పొయ్యి వెలగని ఇంట్లో పేరయ్య పస్తు పడుకొన్నాడు. ఆయన కడుపు గుర్రుమన్నప్పుడల్లా, పోయినవాళ్ళ కోసం మిగిలినవాళ్ళు ఏడుస్తున్నారని అచ్చాయమ్మ కూడా కళ్ళు ఒత్తుకొంది.

గవర్రాజుకు మరొక మాట జ్ఞాపకం వచ్చింది. "ఇంకా తేలలేదన్నది గదమ్మా డాక్టరమ్మ. నీళ్ళు చాలకపోతే ఎలా తేలతాయి?" అని తండ్రి చేత చెంబు తరువాత చెంబు తాగించాడు. లోపల ఏదీ తేలలేదు గానీ పేరయ్య కళ్ళు తేలేశాడు.

ఇక కొత్తవాళ్ళ ప్రవేశం ఆలస్యం కారాదని తీర్మానించారు. ప్రవేశమంటే ముహూర్తం ఉండాలి గదా. పేరయ్య నడుముకు మామిడాకుల తోరణం కట్టారు. అచ్చాయమ్మ గడపకు రాసినట్లే ఆయన పెదవులకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఇంట్లో ఉన్న పెరుగంతా ఒక గిన్నెలో పోసి ఆయన పక్కన ఉంచింది. కొత్త ఇంట్లోకి ముందుగా ఆవు వెళ్ళాలని గవర్రాజు పక్కింటి మంగతాయారు ఆవును తోలుకొచ్చి తండ్రి నోటి ముందు నిలబెట్టాడు. గడప ఇరుకని ఆవుకు వెంటనే అర్థమైంది. ఆ గుంపులో కాస్త ఆలోచించినది అదొక్కటే. పక్కనున్న గిన్నెలో మూతి పెట్టి అడుగంటా నాకింది. ఇంకేముంది, కొత్తవాళ్ళంతా ఆవు కడుపులో దిగారు. పాలకు తోడు వేయడానికైనా ఇంట్లో చుక్క పెరుగు మిగలలేదు.

ఆవును వెతుక్కొంటూ వచ్చిన మంగతాయారు తోరణం కట్టుకొన్న పేరయ్యను చూసి, జరిగినదంతా విని, నవ్వాలో ఏడవాలో తెలియక ఇంటికి వెళ్ళి తన గిన్నెలోని పెరుగు తెచ్చింది. "ఇదే ఆఖరు, వదినా. మాకూ మిగల్లేదు. గోరువెచ్చటి పాలలో ఈ తోడు వేసి బాగా కలుపు. మూత పెట్టి, వెచ్చగా ఓ మూలనుంచు. కదపకు. తోడుకొన్నాక అది అన్నయ్య కడుపులో పడాలి. పొద్దున్నే నాకూ ఓ గరిటెడు ఉంచు."

అచ్చాయమ్మ ఆలోచించింది. ఎలాగూ కడుపులో పడవలసిందే అయితే మధ్యలో ఈ గిన్నె దేనికి? ఆయన కడుపుకన్నా గోరువెచ్చని చోటు ఊళ్ళో మరెక్కడున్నది?

అంతే. చెంబెడు పాలు తాగించింది. తోడు నోట్లో వేసింది. భుజాలు పట్టి బాగా కుదిపి కలిపింది. వంటింటి మూల కూర్చోబెట్టి, గొంగడి చుట్టి, నెత్తిన ఇత్తడి పళ్ళెం బోర్లించింది. ఎంతసేపే అని పేరయ్య గొణిగితే, మాట్లాడితే తొణుకుతుందన్నది.

కడుపులో ఇన్నాళ్ళకు పాలూ పెరుగూ పడ్డాయి. ఒంటికి విశ్రాంతి దొరికింది. తెల్లవారేసరికి పేరయ్య కడుపు కుదుటపడింది. పళ్ళెం కింద నుంచి సన్నగా పలికాడు. "ఏమే, ఆకలేస్తోంది. గోంగూర పచ్చడితో ఇంత అన్నం పెట్టు."

ఏ మాట కోసం ఆమె దేవుడికి మొక్కిందో ఆ మాట అదే. అచ్చాయమ్మ పళ్ళేన్ని ఇంకా గట్టిగా అదిమింది. "ఊరుకోండి. ఇప్పుడు పులుపు పడితే మొత్తం విరిగిపోతుంది."

అప్పుడే మంగతాయారు గిన్నె పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. "తోడుకొందా, వదినా?"

"గడ్డలా తోడుకొంది. రాత్రి నుంచి కదలనివ్వలేదు."

మంగతాయారు గిన్నె చాపింది. అచ్చాయమ్మ గరిటె కడిగి తుడిచి, భర్త నెత్తిమీది పళ్ళెం తీసింది. ఆమె కోరుకొన్నట్లే పేరయ్య బ్రేవుమన్నాడు.

"మీగడ కూడా కట్టింది," అన్నది అచ్చాయమ్మ తృప్తిగా. "ఏమండీ, నోరు పెద్దగా తెరవండి. పక్కింటివాళ్ళకు ఓ గరిటెడు తోడు కావాలట."

ఈ కథను నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ సోమిదేవమ్మ. పాలలో తోడు వేసి, మూత పెట్టి, కదపవద్దని చెప్పి.