పెద్దల్లుడి పేక గారడీ

చిన్న కథ, చప్పున అయిపోతుంది. చింతలంక పట్టాభిరామయ్యగారి పెద్దల్లుడు గవర్రాజు మంచివాడే గానీ, తన ఎదుట ఇంకొకరిని మెచ్చుకుంటే అన్నం సహించేది కాదు. ఆ మాటకొస్తే చింతలంకలో ఎవరికి సహిస్తుంది? కరణంగారింటి మీద కొత్త పెంకు పడితే ఎదురింటి సుబ్బలక్ష్మమ్మకు తలనొప్పి. ఆ తలనొప్పికి మందిచ్చే ఆచారిగారి దగ్గర పక్క ఊరి వైద్యుడి పేరెత్తితే ఆయనకు కడుపునొప్పి. సరే, వాళ్ళ మందులు వాళ్ళే చూసుకుంటారు. మన కథ గవర్రాజుది.

పట్టాభిరామయ్యగారి ఆఖరి కూతురి పెళ్ళి వచ్చింది. మగపెళ్ళివారికి ఎదురెళ్ళి, పన్నీరు చల్లి, పెళ్ళికొడుకును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే మర్యాద ఆ ఇంట్లో పెద్దల్లుడిది. గవర్రాజు అందుకోసం అద్దం ముందు నడక కూడా సరిచూసుకున్నాడు.

పెళ్ళి ముందురోజు పందిట్లో చాపలు పరిచి పేకాట మొదలెట్టారు. పేక కలపడంలో గవర్రాజును మించినవాడు లేడు. ముక్కలు అతని చేతుల్లోంచి జలజలా రాలుతుంటే అందరూ ఆట మాని చూసేవారు. ఆ రోజు మాత్రం ఎవరూ అటు తిరగలేదు. అవతలి మూల చిన్నల్లుడు ప్రభాకరం గారడీ చేస్తున్నాడు. ఎవరిచేతనైనా ఒక ముక్క తీయించి, మళ్ళీ పేకలో పెట్టించి, అదేదో చెప్పేస్తున్నాడు.

"చిన్నల్లుడు గట్టివాడే. రేపు ఇతన్నే ఎదురు పంపితే మగపెళ్ళివారు మురిసిపోతారు," అన్నాడు మామగారు.

ఆ మాటకు గవర్రాజు చేతిలో పేక చెదిరిపోయింది. లేచి వెళ్ళి, తోడల్లుడి వెనక బల్లిలా కరుచుకుని చూశాడు. కాసేపటికి కిటుకు దొరికింది. ప్రభాకరం ముందే అడుగుముక్కను ఓరకంట చూసుకుంటున్నాడు. తీసిన ముక్కను పేక పైన పెట్టించి, పేక కోసి, కింది సగాన్ని పైకి తెస్తున్నాడు. దాంతో తాను చూసిన అడుగుముక్క వెళ్ళి ఆ ముక్కను ఆనుకుని కూర్చుంటోంది. పరిచి చూస్తే పక్కనే దొంగ దొరుకుతాడు.

"ఓస్, ఇంతేనా? ఇలా తే తమ్ముడూ," అని గవర్రాజు పేక లాక్కుని, అడుగుముక్క చూసుకున్నాడు. "అత్తయ్యగారూ, ఒక ముక్క తీయండి."

అత్తగారు మంగతాయారమ్మ ఒకటి తీసి, చూసి, పైన పెట్టింది. గవర్రాజు పేక కోశాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. ఏళ్ళనాటి అలవాటు ఊరుకోలేదు. చేతులు వాటంతటవే పేకను జలజలా కలిపేశాయి. కలిపాక గుర్తొచ్చింది, ఏ ముక్క పక్కన ఏది ఉందో ఇక బ్రహ్మకు కూడా తెలియదని.

వెనక్కి తగ్గితే ప్రభాకరం నవ్వుతాడు. గవర్రాజు కళ్ళు మూసుకుని ఒక ముక్క లాగాడు.

"ఇస్పేటు జాకీ. ఇదేనా, అత్తయ్యగారూ?"

ఆవిడ ముక్కను చూసింది. అల్లుడి నుదుటి మీద చెమట చూసింది. నిండు పందిట్లో అల్లుణ్ణి కాదనడం ఆవిడ వల్ల కాలేదు.

"అదే బాబూ," అంది.

పందిరి దద్దరిల్లింది. ప్రభాకరం లేచి నిలబడ్డాడు. "అన్నయ్యగారూ, పేక కలిపితే నా గారడీ చెడిపోతుంది. మీరు కలిపి కూడా తీశారు. మీ ముందు నాది పిల్లాట. రేపు ఎదురెళ్ళాల్సింది మీరే."

"అనుమానమా?" అన్నాడు మామగారు. "వియ్యంకుడికి పేకంటే ప్రాణం. పన్నీరు చల్లగానే ఆయనచేత ఒక ముక్క తీయిద్దురుగాని, అల్లుడుగారూ."

గవర్రాజు అత్తగారిని పక్కకు పిలిచాడు. "నిజం చెప్పండి. మీరు తీసింది జాకీయేనా?"

"ఏదో ఎర్రముక్క బాబూ. పోనిద్దురూ. అవుననమని వియ్యంకుడుగారికీ చెప్పి ఉంచనా?"

మర్నాడు మేళం మోగే వేళకు పెద్దల్లుడు కనిపించలేదు. పెళ్ళికొడుకును ప్రభాకరమే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. భోజనాల వేళకు గవర్రాజు వంటవాళ్ళ దగ్గర, కట్టెల మోపు చాటున, కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరుగుతూ దొరికాడు. వంకాయలు బాగానే తరిగాడట.

పక్కవాడి మెప్పు చూసి ఓర్వలేనివాడు, ఎవరూ లాక్కోకపోయినా తన మర్యాదను తానే పోగొట్టుకుంటాడు.