కిరీటంలో మల్లెపువ్వు

ఒకానొక రాజ్యంలో, వీధిలో అడుగుపెడితే చాలు కొత్త పట్టు వాసన వచ్చే ఊరు ఒకటుండేది. ఆ ఊరి నడిబజారులో రాజుగారి చీరల కొట్టు. అందులో ఒక్క చీర విప్పితే చాలు, అప్పుడే తెల్లవారుతున్నట్టు ఉండేది.

కానీ ఎవరూ విప్పేవారు కాదు.

రాజు రత్నబాహుడి ఆజ్ఞ అలాంటిది. విప్పిన చీర అమ్ముడుపోకపోతే, విప్పినవాళ్ళకి ఆ పూట అన్నం లేదు. అందుకని అమ్మేవాళ్ళు మడత మీదే చూపించి, "లోపలా ఇలాగే ఉంటుందమ్మా" అనేవారు. విప్పని చీర ఎవరు కొంటారు? బేరాలు పడిపోయాయి.

"ఒట్టి సోమరులు! శుక్రవారానికల్లా కొట్టు మూసి అందరినీ ఇళ్ళకి పంపేయండి" అన్నాడు రాజు.

అమ్మేవాళ్ళలో పెద్దది ముత్యాలు. ఆ మాట వినగానే చీరల బీరువాకి తల ఆనించి ఏడ్చింది. వాళ్ళందరి బతుకూ ఆ కొట్టే మరి.

కొలువులో సింగన అని ఒక మాటకారి ఉండేవాడు. అతను నోరు తెరిస్తే ద్వారపాలకులు కూడా ఈటెలకి ఆనుకుని వినేవాళ్ళు.

"ప్రభూ, నాకొక్క పూట ఇవ్వండి. ఆ ఆజ్ఞ పక్కన పెట్టి వాళ్ళచేత ఒక ఆట ఆడిస్తాను. ఎవరు విప్పిన చీర చూసి కొనేవాళ్ళు 'అబ్బా!' అంటారో, వాళ్ళకి ఒక మల్లెపువ్వు."

"పువ్వా? వాళ్ళేమైనా పసిపిల్లలా?" అని రాజు వెక్కిరించాడు.

"నిజమే ప్రభూ. తమరే వచ్చి బేరం ఎలా చెయ్యాలో చూపిస్తే, వాళ్ళు సిగ్గు తెచ్చుకుంటారు."

రాజు మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కిరీటంతో సహా వచ్చి కొట్లో కూర్చున్నాడు. మొదట వచ్చిన ఆవిడతో "కొను!" అన్నాడు. ఆవిడ చెప్పులు వదిలేసి పారిపోయింది. అటువైపు ముత్యాలు ఒక చీర విప్పింది. అది నెమలి పురి విప్పినట్టు పరుచుకుంది. "అబ్బా!" అన్నారు కొనేవాళ్ళు. ముత్యాలు కొప్పులోకి పువ్వు చేరింది. రాజు ఓరకంట చూశాడు.

ఇంతలో ఒక ముసలమ్మ వచ్చింది. ఈసారి రాజు కాస్త ముందుకు వంగాడు.

"ఎవరికమ్మా?"

"నా కోడలికి బాబూ. పురిటికి పుట్టింటికి వెళుతోంది."

రాజు వెతికి వెతికి చిలకాకుపచ్చ చీర తీశాడు. విప్పి, తన భుజం మీదే వేసుకుని చూపించాడు.

"అబ్బా! నా తండ్రే!" అని ముసలమ్మ కొనేసింది.

సింగన రాజు కిరీటంలో పువ్వు గుచ్చాడు. రాజు దాన్ని తడిమి తడిమి చూసుకున్నాడు.

ఇక చూడాలి! చీర మీద చీర విప్పుతూనే ఉన్నాడు. మధ్యలో గొడవ కూడా పెట్టుకున్నాడు. "ఏమయ్యా సింగనా, ముత్యాలుకి అన్ని పువ్వులా? ఎవరైనా దగ్గినా 'అబ్బా' కిందే వేసుకుంటున్నావా?"

"ప్రభూ, భోజనాల వేళయింది."

"భోజనం సంగతి తరవాత! ఇంకొక్క బేరం ఆగు!"

సింగన చేతులు జోడించాడు. "అన్నం లేదని భయపెడితే వీళ్ళు ఒక్క చీరా విప్పలేదు. ఇవాళ ఒక్క పువ్వు కోసం తమరే అన్నం మరిచిపోయారు. మల్లెతోటలన్నీ తమరివే కదా ప్రభూ!"

రాజు చెయ్యి కిరీటం మీదే ఆగిపోయింది. తరవాత కొట్టంతా దద్దరిల్లేలా నవ్వాడు. ఆ ఆజ్ఞ అక్కడికక్కడే రద్దు చేశాడు. కొట్టు మూయక్కర్లేదన్నాడు. తన మెళ్ళోని ముత్యాలహారం తీసి సింగన మెడలో వేశాడు.

"ఇంతకీ గెలిచింది ఎవరు?"

"ముత్యాలే ప్రభూ."

"ఆవిడకి బహుమానం?"

"ఇవాళ చీరలు మడతపెట్టక్కర్లేదు. ఓడినవాళ్ళు పెడతారు."

కొండలా పడి ఉన్న చీరల్ని రాజు చూశాడు. అందులో సగం తను విప్పినవే.

"ఓడినవాళ్ళంటే..."

ముత్యాలు కొప్పు సవరించుకుంటూ ఒక చీర చెంగు అందించింది. "ఈ కొస పట్టుకోండి దొరా. అంచు నలగకూడదు సుమా!"

రాజు నవ్వుతూ పట్టుకున్నాడు.