నాంచారమ్మ తిట్టిన రోజు

అందరూ దగ్గరికి జరగండర్రా. చిట్టీ, ఆ దుప్పటి తమ్ముడికీ కప్పు. ఊ కొట్టకపోతే నేను కథ ఆపేసి పడుకుంటాను, ముందే చెబుతున్నా.

అనగనగా ఓ ఊరు. ఆ ఊరికో రాజు, ఆ రాజుకో వస్తాదు. పేరు భీమలింగం. ఎంతటి మల్లుణ్ణయినా ఎత్తి అవతల పడేసేవాడు. రాజుగారు కూడా ఆయన్ని "మీరు" అనే పిలిచేవారట. ఇంటికొస్తే మాత్రం పెళ్ళాం నాంచారమ్మ, కాళ్ళు కడుక్కోకుండా లోపలికెక్కడికయ్యా అని గుమ్మంలోనే నిలబెట్టేది. కూర్చుంటే తిట్టు, లేస్తే తిట్టు, తింటే తిట్టు, తినకపోతే ఇంకాస్త పెద్ద తిట్టు. ఆ తిట్లే నంజుకుని ఆయన గిన్నెడన్నం లాగించేవాడు. కాపురం చల్లగా సాగిపోతోంది.

ఇంతలో ఆవిడకి విషజ్వరం తగిలింది. ఊ ఏదర్రా? ఆఁ. జుట్టు ఊడిపోయింది, మనిషి మంచానికి అంటుకుపోయింది. ఇరుగుపొరుగు ఆశ వదిలేసుకున్నారు. భీమలింగం వదల్లేదు. పోలేరమ్మ గుడి గుమ్మానికి అడ్డంగా పడుకుని, దీన్ని నాకు మిగిల్చితేనే లేస్తాను తల్లీ అన్నాడు. అంత మనిషి అడ్డంగా పడుకుంటే ఇంకెవరికీ లోపలికి దారి లేదు మరి. అమ్మవారికే విసుగేసిందో, వైద్యుడి మందే పనిచేసిందో, జ్వరం దిగింది.

వైద్యుడు నాడి చూసి, గండం గడిచింది కానీ మనిషి నిలబడాలంటే ఆకలి పుట్టాలి, అది నా మందుల్లో లేదు, పథ్యం మాత్రం వేళకి పెట్టమని చెప్పి వెళ్ళాడు.

రాజుగారికి కబురంపి కుస్తీ మానేసి భీమలింగం వంటింట్లో దిగాడు. జావ కాస్తే అడుగంటింది. చారు పెడితే పొంగి పొయ్యి ఆరిపోయింది. బీరకాయ చెక్కు తీస్తే చెక్కే మిగిలింది, కాయ పోయింది. నవ్వకండర్రా, మీ తాతయ్యా అంతే. అయినా ఆవిడ కళ్ళు తెరిస్తే అమ్మవారికో దండం, పక్కకి ఒత్తిగిలితే ఇంకో దండం, గుక్కెడు మింగితే సాష్టాంగం. వంట చేసింది తక్కువ, మొక్కింది ఎక్కువ.

జావ పెడితే నాంచారమ్మ ఓ గుక్క తాగి, "బాగుందండీ" అని గోడవైపు తిరిగి పడుకునేది. చారు పోస్తే, బాగుందండీ. బీరకాయ పెడితే, బాగుందండీ. భీమలింగం మీసం మెలేసుకుని, మనకింత విద్య ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదే అనుకున్నాడు.

ఓ మధ్యాహ్నం ఆవిడ వదిలేసిన జావ పారబొయ్యడం ఎందుకని తనే నోట్లో పోసుకున్నాడు. మింగలేక, కక్కలేక పెరట్లోకి పరిగెత్తాడు. మూతి తుడుచుకుంటూ అక్కడే ఆగిపోయాడు. ఇదా బాగున్నది? నాంచారి నన్ను "అండీ" అనడమేమిటి? దీనికి రుచీ పోయింది, కోపమూ పోయింది, బతకాలనే లేదు కాబోలు అనుకుని, గుడివైపు తిరిగాడు. తల్లీ, సగం మనిషినే ఇచ్చావు, ఇచ్చినందుకు దండాలు, ఆ మిగతా సగం కూడా ఇచ్చెయ్యి అని మొక్కుకున్నాడు.

మొక్కి ఊరుకోలేదు. వంటిల్లు ఎత్తుకొచ్చి ఆవిడ మంచం పక్కన పెట్టేశాడు. కుంపటీ, బాణలీ, పోపులపెట్టే, కత్తిపీటా, అన్నీ ఆవిడ కళ్ళెదుటే. రోజూ అక్కడే కూర్చుని, ఇదెంత వెయ్యాలి నాంచారీ అని అడిగేవాడు. మీ ఇష్టమండీ అనేది. ఇదెప్పుడు దించాలి నాంచారీ. మీ ఇష్టమండీ. అయినా అడగడం మానలేదు. పోను పోను ఆవిడ గోడవైపు కాకుండా కుంపటివైపు తిరిగి పడుకోవడం మొదలెట్టింది. దానికీ ఓ దండం పెట్టాడు.

ఇక వినండి. ఊ కొడుతున్నారా? ఓరోజు చారు తిరగమోత పెడదామని బాణలిలో నూనె పోశాడు. పోసీ పొయ్యగానే గుప్పెడు ఆవాలు తీసి చెయ్యి చాపాడు.

"నూనె కాగలేదయ్యా," అని వినపడింది.

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మంచం మీద నాంచారమ్మ మోచేతి మీద లేచి చూస్తోంది.

"కాగని నూనెలో ఎవరైనా ఆవాలు వేస్తారా, మొద్దు మనిషీ? అన్నెందుకు? పోపా, చేలో విత్తనాలా? ఆ గరిట పట్టుకోవడమేమిటి గద పట్టినట్టు? ఇలా తే."

మంచం మీంచే వంగి గరిట లాక్కుంది. నూనె కాగింది, ఆవాలు చిటపటలాడాయి, చారు ఘుమఘుమలాడింది. ఆవిడ ఇంత అన్నంలో పోసుకుని, ముద్ద ముద్దకీ ఓ తిట్టు తిడుతూ గిన్నె ఖాళీ చేసింది. ఆయన చేతులు కట్టుకుని, పురాణం విన్నట్టు విన్నాడు.

తిట్టడం అయ్యాక ఆయన్ని ఎగాదిగా చూసింది. మెడ ఎముకలు తేలి ఉన్నాయి, కండలు కరిగి ఉన్నాయి.

"నువ్వు తిన్నావా?" అంది.

ఆవిడ మంచాన పడ్డాక ఆ మాట ఆయన్ని అడిగినవాళ్ళు లేరర్రా. ఏనుగంత మనిషి మంచం కోడు పట్టుకుని, చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆవిడ ఆ తలమీద చెయ్యేసి, ఏడిస్తే చారు చల్లారిపోతుంది, కూర్చోమంది. తనే ముద్దలు కలిపి పెట్టింది.

తర్వాత ఇద్దరూ కోలుకున్నారు, పోలేరమ్మకి పొంగళ్ళు పెట్టుకున్నారు, రాజుగారొచ్చి తిని వెళ్ళారు. రేపు పొద్దున్న మీ అమ్మ మొహాలు కడుక్కోమని కసిరితే, దేవుడికో దండం పెట్టుకుని లేవండి.

కథేమో కంచికి బండెక్కేసింది, మనమేమో దుప్పట్లో దూరదాం.